తెరిచి వదిలేసిన పటం

భీవండి నుంచి

బాపు పాదాలకు మొక్కి నీ కొడుకు మల్లేశం రాసేది. నేను బాగానే ఉన్నాను. నువ్వు, అవ్వ, చెల్లె పద్మ చల్లగా ఉన్నారని తలుస్తున్నాను. అవ్వ మోకాళ్ల నొప్పులు తగ్గాయో లేదో రాయించు. ఈ ఉత్తరం పద్మే చదివి వినిపిస్తుంది కనుక ఆమెకో మాట: మెల్లగా చదువు, బాపు ఆపమన్నచోట ఆపు. దారిలో ఎవరైనా విప్పి చదివినా భయం లేదు, ఇందులో మన పటం కథ తప్ప ఇంకేం లేదు.

మనం ఊరూరా విప్పి కథ చెప్పిన బొమ్మల పటాన్ని ధర్మపురి తీసుకుపోయి గోదావరిలో కలిపేస్తానని నువ్వంటున్నట్టు పద్మ రాసింది. అది చదివిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఆ సంగతికే వస్తాను. ముందు నా క్షేమం చెప్పకపోతే అవ్వ కోప్పడుతుంది.

నాకు సాంచ మీద పగటి పని దొరికింది. మరమగ్గాన్ని ఇక్కడా మన సిరిసిల్లలో లాగే సాంచ అంటారు. దాని చప్పుడులో పక్కవాడి మాట వినపడదు. పొద్దంతా చేతులతోనే మాట్లాడుకుంటాం. గదిలో అందరూ మనవైపు వాళ్లే. ఎల్లారెడ్డిపేట అతను వంట చేస్తాడు, అన్నం బాగానే వండుతాడు, పప్పు మాత్రం దేవుడికే ఎరుక. ఇక్కడి గాలికి ఉతికిన బట్టలు ఆరవు. అవ్వ ఇచ్చిన చింతకాయ తొక్కు అయిపోయినా ఆ డబ్బా ఇంకా కడగలేదు. మూత తీసి వాసన చూస్తుంటే గదిలో వాళ్లు నన్ను ఆటపట్టిస్తారు. నా ఆరోగ్యం గురించి మీరెవరూ బెంగ పెట్టుకోవద్దు.

ఇక అసలు సంగతి. బొంబాయిలో ఇప్పుడు కళల పండుగ నడుస్తోంది. ఒక మైదానంలో డోళ్లు, ఇంకోచోట తోలుబొమ్మలు, మరాఠీ నాటకాలు. ఊరూరి నుంచి తెచ్చిన బొమ్మలు ఒక పెద్ద హాల్లో పెట్టారని కోరుట్ల నర్సన్న చెప్పాడు. అతను మా పక్క సాంచ మీద పనిచేస్తాడు, నన్ను సొంత తమ్ముడిలా చూసుకుంటాడు. సెలవు రోజున ఇద్దరం రైలెక్కి పోయాం.

ఆ హాల్లో ఒక గోడకు పటం కథ పటం వేలాడుతోంది బాపు. మనది కాదు, కానీ మన తీరుదే. అదే ఎర్రటి నేల రంగు, అవే పెద్ద కళ్లు. మొదటి బొమ్మలో గణపతి, ఆ కింద నేతవాళ్ల మూలపురుషుడు తామర నారతో దేవతలకు బట్ట నేయడం, ఆ కింద పులి ఎదురుపడటం. నేను చెప్పులు బయటే విడిచి వచ్చాను. చూసి మొక్కాను. మొక్కి చూస్తే పటం పైనుంచి కిందిదాకా మొత్తం తెరిచి ఉంది. పూజ లేదు, పాట లేదు, చెప్పేవాడు లేడు. కథ నడిచే కొద్దీ ఒక్కో బొమ్మే తెరవాలని, కథ లేనప్పుడు దేవుళ్లను తెరిచి ఉంచకూడదని చిన్నప్పటి నుంచి నువ్వు చెప్పిందే కదా. ఏమీ ఆలోచించకుండా వంగి కింది కొసను పైకి చుట్టడం మొదలుపెట్టాను.

కాపలా మనిషి వచ్చి నా రెక్క పట్టుకున్నాడు. దొంగ అనుకున్నాడు. అందరూ తిరిగి చూశారు. ఆ బొమ్మల బాధ్యత చూసే ఒక పెద్దావిడ వచ్చింది. నర్సన్న తన హిందీలో మన పద్ధతి చెప్పాడు. ఆమె కోపం చేయలేదు. పటాన్నీ నన్నూ చూసి ఏదో అంది.

"మల్లేశం, గామె కథ చెప్పుమంటుందిరా. చెప్పినంక చుట్టుకొమ్మంటుంది," అన్నాడు నర్సన్న.

"తాళం లేకుండ ఎట్ల చెప్పుడే?"

"నా చేతులు లేవా? నేనేస్త తియ్యి."

నర్సన్న చప్పట్లతో తాళం వేశాడు. గణపతి మీద పాట ఎత్తుకున్నాను. జనం వచ్చి నేల మీద కూర్చున్నారు. మన భాష రానివాళ్లే అందరూ. బట్ట నేసే ఘట్టం దాటి పులి బొమ్మ దాకా వచ్చాను. అక్కడ ఆగిపోయాను.

కథ తెలియక కాదు బాపు. పాట రాలేదు. అక్కడి నుంచి నువ్వు ఒక్కడివే ఎత్తుకునేవాడివి. నేను వెనక నిలబడి "ఆహా, తర్వాత ఏమైంది?" అని వంత పలికేవాణ్ణి. ఆ పెద్దావిడ కూడా అదే అడిగింది.

"తర్వాత ఏమైందని అడుగుతుందిరా," అన్నాడు నర్సన్న.

నాకు కూడా నోట్లో ఆ ఒక్క మాటే ఉంది. నిలబడి ఏడ్చాను, సిగ్గుపడలేదు. సగం కథ మీద పటం చుట్టకూడదని దాన్ని అలాగే వదిలేసి వచ్చాను.

తిరిగి వస్తుంటే రైల్లో మన కథ ఆగిపోయిన ఆనాటి సాయంత్రమే గుర్తొచ్చింది. అప్పుడు కూడా మనం పులి దగ్గరే ఉన్నాం. వెనక కూర్చున్న కొత్తవాళ్లు ఎవరో మనం ఎరగం. వాళ్ల కోసం పోలీసు జీపు వచ్చేసరికి వాళ్లు లేరు, మనమే మిగిలాం. "గివి దేవుని బొమ్మలు సార్, కులకథ సార్," అని నువ్వు చేతులు జోడిస్తుంటే పోలీసులు పటాన్ని నేల మీద పరిచి బూట్లతో తొక్కి వెతికారు. పోలీసు చేతులే దాన్ని మళ్లీ చుట్టాయి. నిన్ను ఠాణా నుంచి వదిలాక నువ్వు దాన్ని ముట్టలేదు. ఆ భయానికి ఏ ఊరూ మనల్ని కథకు పిలవలేదు. నేను ఇటు వచ్చేశాను.

తొక్కిన పటం ఇంట్లో ఉండకూడదని నువ్వు అనుకుంటున్నావు. నీకు ఎదురు చెప్పేంతవాణ్ణి కాను. కానీ బాపు, మన పటం కూడా సగం కథ మీదే చుట్టి ఉంది. దాన్ని అట్లాగే నీళ్లలో ఎలా వదులుతావు? హోలీకి సాంచలు ఆగుతాయి, నేను వస్తాను. వినేవాళ్లు ఎవరూ రాకపోయినా అవ్వ, పద్మ వింటారు. పగటిపూటే చెప్పు, తలుపు వేసుకుని చెప్పు, నీ ఇష్టం. పులి దగ్గర నుంచి చివరిదాకా నాకు నేర్పు. ఆ తర్వాత కూడా గోదావరికే అంటే నా భుజం మీద నేనే మోసుకొస్తాను.

కథకు వాయించే తాళాలు తుప్పు పట్టకుండా పద్మను నూనె రాయమను. కొండగట్టుకు ఎవరైనా పోతుంటే నా పేరున ఒక కొబ్బరికాయ కొట్టించు. వాడలో పెద్దలందరికీ నా దండాలు. అవ్వను వేళకు తినమని చెప్పు. మీ దీవెన ఉంటే నాకు ఇక్కడ ఏ లోటూ రాదు.

నేను అడుగుతూనే ఉన్నాను. తర్వాత ఏమైంది బాపు?

నీ వెనక నిలబడి వంత పలికే
నీ కొడుకు,
మల్లేశం