ఊరూ పేరూ లేని సీడీ

2004 ఆగస్టు 17, మంగళవారం

ఆసుపత్రిలో టీబీ రోగుల మందుల తేదీలన్నీ నా కంప్యూటర్‌లోనే ఉన్నాయి. ఆ ప్రోగ్రాం రోజుకు రెండుసార్లు ఆగిపోతోంది. కొత్తది పంపమని దాన్ని తయారుచేసిన కంపెనీకి రాసి నెలయింది. ఇవాళ రిపేర్లు చేసే అప్పారావు ఒక సీడీ తెచ్చాడు. ఏదో వెబ్‌సైట్ నుంచి దింపాడట. ఒక్కసారి నొక్కితే ప్రోగ్రాములన్నీ అదే ఎక్కిస్తుందట.

"ఇది ఎవరు చేశారు?" అని అడిగాను.

"పేరేటో తెల్దు మేడమ్. బేగి అయిపోద్ది. అందరూ ఇదే వాడతన్నారు."

ముందు స్టోర్‌రూమ్‌లోని పాత కంప్యూటర్‌లో వేయించాను. మా ప్రోగ్రాంతో పాటు మేము అడగనివి ఇంకో రెండు ఎక్కాయి. ఒకటి తీసేస్తే మళ్లీ వచ్చి కూర్చుంది. సీడీ తిరిగి ఇచ్చేశాను.

డాక్టరుగారు విసుక్కున్నారు. "ఇంకెన్నాళ్లు ఆగుతామమ్మా?"

"కంపెనీ సీడీ వచ్చేదాకా అండీ. అంతవరకు పాతదే నడుపుతాను."

ఆయన విసురుగా వెళ్లిపోయారు. కోపం వచ్చిందేమో.

రావికమతం నుంచి సూరమ్మగారు టీబీ మందుల కోసం రెండు బస్సులు మారి వస్తారు. ఆవిడ తేదీ తారుమారైతే నేనేం చెప్పుకోను? పాత ప్రోగ్రాం మీదా నాకు భరోసా లేదు. రేపటి నుంచి తేదీలన్నీ నోటుబుక్కులో చేత్తో కూడా రాస్తాను. చెయ్యి నొప్పెడితే పెట్టనీ.