లవంగాలు ఎక్కువైన గ్లోగ్

హార్నోసాండ్,
డిసెంబరు 4

వదిన మైబ్రిత్‌కు,

ఆడపడుచు గున్‌బోరి మర్యాద తప్పకుండా రాస్తున్న ఉత్తరం. మీరంతా క్షేమమే అనుకుంటాను. ఆదివారం నీ గొంతు విన్నాక నీ ఆరోగ్యం గురించి మాత్రం నాకు బెంగ లేదు.

క్రిస్మస్‌కు ముందొచ్చే అడ్వెంట్ మొదటి ఆదివారం వీధి వాళ్లంతా మా ఇంటికొచ్చి వేడి వేడి గ్లోగ్ తాగడం అమ్మ నాటి నుంచీ ఉన్నదే. దాల్చినచెక్క, ఏలకులు, లవంగాలు, అల్లం, ఎండిన నారింజ తొక్క రాత్రంతా సారాలో నానబెట్టి, ఎర్ర వైనూ పంచదారా కలిపి, మరగనివ్వకుండా పొగలు రాగానే దించాను. బాదం పప్పులకు పొట్టు కూడా నేనే తీశాను. నువ్వేమో ఒక్క గుక్క తాగి, పాస్టరు గారి భార్య వైపు తిరిగి, "పంటి నొప్పి ఉంటే చెప్పండి, ఇది పుక్కిలిస్తే పోతుంది" అన్నావు. అందరూ నవ్వారు. అన్నయ్యొక్కడే నవ్వలేదు, కానీ ఆయనా కప్పు కిటికీ గట్టు మీద పెట్టేసి బయట మంచు చూస్తూ నిలబడ్డాడు.

అంతటితో ఆగావా? నన్నడక్కుండా వంటింట్లోకి వెళ్లి, నా గిన్నెలో పుల్లటి లింగన్ పళ్ల రసం కుమ్మరించావు. ఏం చేస్తున్నావని అడిగితే, వెనక్కి కూడా తిరక్కుండా, "నీ పరువే కాపాడుతున్నా. వచ్చే ఏడు మా ఇంట్లో పెట్టుకుందాంలే, నీకిక చేతకావడం లేదు" అన్నావు.

నా పరువు నీ గరిటెలో లేదు వదినా. కాపురానికొచ్చిన కొత్తలో వైను కుతకుతా ఉడికించి పాడుచేసినదానివి నువ్వు. ఆ రోజు నిన్ను చూసి ఎవరినీ నవ్వనివ్వలేదు మా అమ్మ. ఆవిడ దగ్గర అన్నీ నేర్చుకున్నావు, అదొక్కటి తప్ప. నేను బతికున్నంతకాలం ఆ గిన్నె ఈ పొయ్యి మీదే ఎక్కుతుంది. క్రిస్మస్‌కు అన్నయ్యను పంపు. నువ్వు రానక్కర్లేదు.

ఇట్లు,
నీ ఆడపడుచు
గున్‌బోరి

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. అక్టోబరులో జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచి నాకు వాసన తెలియడం లేదు. కాఫీ అయినా వేడినీళ్లయినా ఒకటే. ముక్కుకు అందడం లేదని లవంగాలు వేస్తూనే పోయాను. వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అంటున్నాడు డాక్టరు. అన్నయ్యకు చెప్పకు, కంగారు పడతాడు. పదమూడున లూసియా పండగకు పాటలు పాడేవాళ్లకు గ్లోగ్ నేనే కాచి ఇస్తానని ఎప్పుడో మాటిచ్చాను. ఆ రోజు, వచ్చే గురువారం, పొద్దున్నే పొయ్యి వెలిగిస్తాను. పెరటి తలుపు తీసే ఉంటుంది. నాతో మాట్లాడక్కర్లేదు. నేను మూత తీస్తాను. నువ్వు వాసన చూసి, చాలనిపించినప్పుడు తలూపు.