అతుకుల దూలం

1983 ఆగస్టు 3

పట్టుపురుగుల షెడ్డుకు దూలం దొరకలేదు. అంత పొడుగు మాను పుంగనూరులో లేదు, మదనపల్లె టింబర్ డిపోలోనూ లేదు. మధ్యలో స్తంభం పెడితే పురుగుల తట్టలకు చోటు చాలదు. పుంగనూరు వడ్రంగి నూరుల్లా బెంగళూరు ప్లైవుడ్ ఫ్యాక్టరీలో పని చేసి వచ్చినవాడు. నీలగిరి పలకలు ఒకదాని మీద ఒకటి జిగురుతో అతికించి, బిగించి, ఒకే దూలం చేస్తానన్నాడు. అతుకుల దూలం యాడన్నా నిలస్తాదా అని మా ఆయన ఓబులేసు నవ్వాడు. ఈసారి పట్టుగూళ్ల పంట పోతే మల్బరీ తోట పెరికేసి శనక్కాయ వేస్తాడట. ఆ తోట నాటింది నేను. పెరకనీ, చూస్తాను.

ఆగస్టు 14

దూలం ఎక్కింది. నూరుల్లా, మేస్త్రీలు దాన్ని పట్టుకుని వేలాడారు. కదల్లేదు. ఈయన కూడా వేలాడాడు, నవ్వకుండా.

ఆగస్టు 20

పురుగులు తెచ్చే ముందు తెగులు రాకుండా షెడ్డుకు ఫార్మలిన్ మందు కొట్టాలి కదా, కొట్టాను. కళ్లు మండిపోయాయి. తలుపులు తెరిచిపెట్టాను.

ఆగస్టు 25

పురుగులు వచ్చాయి. షెడ్డులో ఇంకా అదే ఘాటు. మందు బాగా పట్టిందని సంతోషించాను కూడా.

ఆగస్టు 26, సాయంత్రం

వేసిన ఆకు వేసినట్టే ఉంది. పురుగులు తలలెత్తి ఊరికే ఉన్నాయి. ఈయన గడ్డపార ఎక్కడుందని అడిగాడు. ఏడుపు ఆగలేదు.

ఆగస్టు 27

కబురు పంపితే నూరుల్లా సైకిల్ మీద వచ్చాడు. నిచ్చెనెక్కి దూలాన్ని వాసన చూశాడు. ఇది నీ మందు కాదక్కా, నా జిగురే అన్నాడు. రెండింటిదీ ఒకటే ఘాటు, నేనెలా కనిపెట్టేది! నీ తప్పు నా తప్పు అని వాదించే మనిషి కాదు. పురుగుల్ని మా ఇంటికి తెచ్చేయండి అన్నాడు.

ఎద్దులబండిలో తట్టలు పుంగనూరు చేరేసరికి వాళ్లమ్మ మైమూన్ బీ ఇల్లంతా ఖాళీ చేసి, మంచాలు వీధిలో వేసింది. యాల అట్ల నిలబడుకోనుండావు, దించమ్మా అని నన్నే కసిరింది.

ఆగస్టు 31

మేస్తున్నాయి!

మైమూన్ బీ ఇంట్లో తిరగమోత లేదు, అగరొత్తి లేదు, అత్తరు లేదు. వంట పక్కింట్లో. బీడీ కాల్చాలంటే నూరుల్లా వీధి చివరికి పోతున్నాడు. నేను వాళ్లకేమైనా చుట్టమా, పక్కమా? పెట్టి పుట్టాను, అంతే.

సెప్టెంబరు 11

గూళ్లు కట్టాయి. కొన్ని చచ్చాయి, పోనీ. మిగిలినవి గట్టి గూళ్లు. ఈయన పొద్దున్నే మల్బరీకి నీళ్లు కట్టాడు.

నవంబరు 20

దూలం వాసన పోయింది. దాని కింద కొత్త పంట మేస్తోంది. మైమూన్ బీ వచ్చింది. తట్టల మీదికి వంగి, మా ఇంటి పిల్లకాయలు బాగుండారా అని పురుగుల్ని అడిగింది.

ఇవి అవి కావని నేను చెప్పలేదు.