గడ్డిమందుకు విరుగుడు వెతుకుతూ

జూలై 8, మంగళవారం
రివ్యూ మొదలుపెట్టాను. 'మొదలుపెట్టాను' అని రాసుకోవడం ఇది మూడోసారి. థీసిస్ అంశం — గడ్డిమందు కడుపులోకి పోయినవాళ్ళకు ఏ వైద్యం పనిచేస్తుంది. ముందు ఇప్పటిదాకా వచ్చిన పేపర్ల రివ్యూ, తర్వాత మా వార్డు కేసులు. డేటాబేస్‌లో ఆ మందు పేరొక్కటే కొట్టాను. వేలల్లో వచ్చి పడ్డాయి. ఎలుకలు, చేపలు, వానపాములు... మనుషులు ఎక్కడో అడుగున. లేచి వెళ్ళి చాయ్ తాగి వచ్చాను. సిగ్గు లేదు నాకు.

జూలై 9
కాలేజీ లైబ్రరీలో సులోచన మేడం నా సెర్చ్ చూసి నవ్వారు. "గిట్ల కొడితె ప్రపంచమంత వస్తది. ముందుగాల నీ ప్రశ్నను ముక్కలు చెయ్." కాగితం మీద మూడు గళ్ళు గీశారు — ఎవరికి, ఏం ఇచ్చారు, ఏమైంది. ఒక్కో గడిలో ఒకే అర్థం వచ్చే మాటలన్నీ రాసి, ఏ ఒక్కటున్నా చాలని మధ్యలో 'ఆర్'. మూడూ ఉండాల్సిందేనని గడికీ గడికీ మధ్య 'యాండ్'. మనుషుల మీద చేసినవే కావాలని ఫిల్టర్. ఎలుకలు పోయాయి! ఏ రోజు ఏ మాటలతో వెతికానో కూడా రాసిపెట్టుకోవాలట. "రేపు ఇంకొకరు గవే మాటలు కొడితె గవే రావాలె. లేకుంటె అది రివ్యూ కాదు, నీ ఇష్టం." ఇన్నేళ్ళ చదువులో ఇది ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదనుకో.

జూలై 11, శుక్రవారం
వార్డులో కొత్త కేసు. కొమురయ్య, మరిపెడ దగ్గరి ఊరు. పత్తి చేనులో దాహమై నీళ్ళనుకుని, మిగిలిన గడ్డిమందు పోసిపెట్టిన సీసా ఎత్తాడు. రెండు గుక్కలు. ఊళ్ళోనే సెలైన్ పెట్టించుకుని, రెండు రోజులు పోయాక వచ్చాడు. నోరంతా పుండ్లు. అయినా నాతో హాస్యం. "గడ్డి సస్తది గని మనిషి సస్తడా డాక్టరమ్మా?" నవ్వాను. ఎందుకు నవ్వాను...

జూలై 12
విరుగుడు లేదని తెలుసు. ఊపిరితిత్తులు మెల్లగా గట్టిపడతాయి, మనిషి తెలివిలోనే ఉంటాడు. నేను లాప్‌టాప్ ముందు కూర్చోవడం అతని భార్య సారమ్మ చూసింది. "గా డబ్బల మా ఆయినకు మందు దేవులాడుతానవా బిడ్డా?" అవును, వెతుకుతున్నానన్నాను. అబద్ధం కాదు. నిజమూ కాదు.

జూలై 14
ఒక పేపర్ దొరికింది! మేము వార్డులో ఇస్తున్న మందులే — ఇచ్చినవాళ్ళలో ఎక్కువమంది బతికారట. కనిపించేది సారాంశం మాత్రమే, పూర్తి పేపర్ డబ్బు కట్టినవాళ్ళకే. రాసినాయనకు మెయిల్ పెట్టాను. సులోచన మేడం కూడా తెలిసిన లైబ్రరీలను అడుగుతున్నారు. "సారాంశం చదివి ఆగమైతవేంది, జర ఆగు" అన్నారు. ఆగలేదు. పోయి సారమ్మకు చెప్పేశాను, మంచిగైనవాళ్ళు ఉన్నారమ్మా అని. నా చేయి పట్టుకుని వదల్లేదు.

జూలై 15
కొమురయ్యకు ఆయాసం మొదలైంది.

జూలై 16
పేపర్ వచ్చింది. నాలుగో పేజీలో ఒక్క వాక్యం — డాక్టర్ల సలహాకు విరుద్ధంగా ఇంటికి వెళ్ళిపోయినవాళ్ళను లెక్కలోంచి తీసేశాం.
వాళ్ళెవరో నాకు తెలియదా? ఇక ఆశ లేదనగానే మనవాళ్ళు ప్రాణం ఉండగానే ఇంటికి తీసుకుపోతారు, పోయేదేదో ఇంట్లో పోవాలని. మేం కేస్ షీట్ మీద సొంత ఇష్టంతో వెళ్ళారని రాస్తాం. వాళ్ళను తీసేసి మిగిలినవాళ్ళను లెక్కపెడితే మందు పనిచేసినట్టే ఉంటుంది మరి! మిగతా పేపర్లన్నీ మళ్ళీ తెరిచాను. కొన్నిట్లో ఇదే. కొన్నిట్లో ఆ ముక్క కూడా లేదు. ఎంత బాగా వెతికితే ఏం, రాయనివాళ్ళు ఎలా దొరుకుతారు?
ఒళ్ళు మండిపోయింది. తర్వాత నా థీసిస్ ప్రోటోకాల్ తీశాను. ఎవరిని వదిలేయాలి అన్నచోట అదే వాక్యం. పాత థీసిస్‌లోంచి నేనే ఎత్తి రాసుకున్నది.

జూలై 17
గైడ్ సార్‌తో చెప్పాను. "అందరూ అట్లనే రాస్తరమ్మా. ఇంటికి పోయినోళ్ళు ఏమైన్రో మనకెట్ల తెలుస్తది?" ఫోన్ చేస్తే తెలుస్తుంది కదా సార్ అన్నాను. "అందరికీ చేస్తవా? చెయ్ మరి." కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. ఆ వాక్యం కొట్టేశాను. ఎథిక్స్ కమిటీకి మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలట.

జూలై 18, శుక్రవారం
సారమ్మ, ఆమె మరిది వచ్చారు. "తోల్కపోతం బిడ్డా. పానం ఉండంగనే ఇల్లు జూస్తనంటాండు." ఉండండమ్మా అనడానికి నా దగ్గర ఒక్క పేపర్ లేదు. కేస్ షీట్ మీద 'సొంత ఇష్టంతో' అన్నచోట వేలిముద్ర ఆమెది, కింద సంతకం నాది. ఫోన్ నంబర్ తీసుకున్నాను. ఎందుకని అడగలేదు. "మందు దొరికితె ఫోన్ జేస్తవు గద" అంది. తల ఊపాను. ఎంత పిరికిదాన్ని.

జూలై 20, ఆదివారం
చేశాను. రెండో రింగుకే ఎత్తింది. "దొరికిందా బిడ్డా?"
ఎట్లున్నాడమ్మా అని మాత్రం అడిగాను.
"ఉన్నడు." వెనక ఆ ఊపిరి వినిపిస్తోంది.
థీసిస్ షీటులో కొమురయ్య వరసలో చివరి గడి, 'ఏమైంది' అన్నది, ఖాళీ. అది నిండాలంటే రేపు మళ్ళీ చేయాలి. ఎల్లుండి కూడా. మందు దొరికిందేమోనని ఆమె ఎత్తుతుంది. పోయాడా అని తెలుసుకోవడానికి నేను చేస్తాను.