ఎడమచేతి గ్లౌజు

కృత్తివెన్ను,
16-11-2025

బందరులో ఉన్న ఖుర్షీదా అక్కకు,

మీ ఇంటిల్లిపాదికీ దయామణి వందనాలు, సలాములు. రెండూ పంపిస్తున్నాను, మీకు నచ్చినవి తీసుకోండి. ఇక్కడ మేమంతా కులాసా. ఫోన్ చేయకుండా ఈ ఉత్తరం ఏమిటే అంటావేమో. జలుబు చేసి గొంతు పూడుకుపోయింది, అందుకని రాస్తున్నాను.

మొన్న బందరు బస్టాండులో మీ అమ్మాయి నసీమా కనబడింది. మీ అమ్మ ఏ షాపులో చేస్తోందే, రోల్డ్ గోల్డ్ పని బాగుందా అని కాస్త ఎత్తిపొడుపుగానే అడిగాను. ఏ షాపు పిన్నీ, అమ్మ ఎక్కడా చేరలేదుగా, చైనా నగలు చవగ్గా దిగుతున్నాయని ఉన్నవాళ్ళనే మానిపిస్తుంటే కొత్తవాళ్ళని ఎవరు పెట్టుకుంటారు అంది. నా బస్సు వచ్చి, నా ముందే వెళ్ళిపోయింది.

అక్కా, ఆ రోజు రొయ్యల షెడ్డులో నువ్వు చెప్పింది అబద్ధమా? అమెరికా మన రొయ్యల మీద సుంకం పెంచింది, ఆర్డర్లు పడిపోయాయి, ఇకనుంచి తలలు తీయడానికి ట్రేకి ఇద్దరు కాదు, ఒక్కరే ఉండాలి అని సూపర్‌వైజరు రాజ్ కుమార్ అన్నాడు. అమెరికాకీ చైనాకీ ఎవరు పెద్ద అని పంతమట. ఒకరి సరుకు మీద ఒకరు సుంకాలు వేసుకుంటూ, ఆ ఊపులో అందరి మీదా వేస్తున్నారట. వాళ్ళిద్దరూ కొట్టుకుంటే మధ్యలో కృత్తివెన్ను రొయ్య ఏం పాపం చేసిందండీ అని నేను రాజ్ కుమార్‌తో గొడవ పడుతుండగానే, నువ్వు బందరులో నాకు నగల పని దొరికింది, నేనే మానేస్తున్నాను అనేశావు. నా ముఖం కూడా చూడకుండా వ్యాన్ ఎక్కేశావు.

కష్టం రాగానే చెయ్యి వదిలేసింది, నగలు దొరికాక రొయ్యల కంపు ఎందుకు ఈవిడకి అని నిన్ను తిట్టని తిట్టు లేదు. నీ ఫోన్లు ఎత్తలేదు. నాది ఎడమచేతి వాటం కదా. నా ఎడమ గ్లౌజు ముందు చిరిగేది, నీకేమో కుడిది. నీ ఎడమది నాకు, నా కుడిది నీకు. వెళ్తూ వెళ్తూ నీ ఎడమ గ్లౌజు ఒక్కటీ ఉతికి ట్రే పక్కన పెట్టావు. మర్చిపోయావనుకున్నాను, మొద్దుమొహాన్ని. కోపంతో దాన్ని ముట్టుకోలేదు. చిరిగినదే వేసుకుని ఇన్నాళ్ళూ ఐసులో చేయి పెట్టాను. నువ్వు నా చేతిని చూసుకుంటూనే వెళ్ళావని నాకు తట్టలేదు.

నువ్వేం దిగులు పడకు. నువ్వు వదిలిన చోటు వృథా పోలేదు, మా ఇంట్లో పొయ్యి దాని మీదే వెలుగుతోంది. అమెరికా పోతే చైనా వచ్చింది. వాళ్ళకి రొయ్య తలతోనే కావాలట, తలలో రసమే రుచి అట. మొదటి రోజు నా చేయి ఆగితేనా! అలవాటు కొద్దీ ఒక ట్రే అంతా తలలు తీసి పడేశాను. రాజ్ కుమార్ తన తల పట్టుకున్నాడు. షెడ్డంతా ఒకటే నవ్వు. మన బల్లలు కూడా తళతళలాడేలా కడిగారు. నువ్వు చూస్తే మనవేనా అంటావు.

నసీమాని కోప్పడకు. దానికేం తెలుసు, పిచ్చిపిల్ల.

నీ చెల్లెలు,
దయామణి

తా.క. : కవరు అంటించబోయి ఆగిపోయాను. నువ్వు నాకొక అబద్ధం చెప్పావు, నేనూ నీకొకటి చెప్పేస్తే చెల్లుకు చెల్లు అనుకున్నాను. చేతకాలేదు. నాకు జలుబు లేదక్కా. ఫోన్‌లో నీ గొంతు వింటే ఏడ్చేస్తానని భయం. తలలు తీయక్కర్లేని సరుకుకి తలలు తీసేవాళ్ళం ఎందుకు? ఆ మొదటి రోజు సాయంత్రమే మమ్మల్నందరినీ రేపటి నుంచి రావద్దన్నారు. బల్లలు కడిగింది నిజమే. కడిగి, బోర్లించి, లారీ ఎక్కించారు. నువ్వు నాకోసం వదిలిన చోటు ఇప్పుడు అక్కడ లేదు. నసీమా చెప్పింది విన్న మర్నాడు నీ గ్లౌజు మొదటిసారి వేసుకుని పనికి వెళ్ళాను. ఆ ట్రే తలలన్నీ దానితోనే తీశాను. అదే నా ఆఖరి రోజు.