వరగోగు వాకిలి

మున్వరప్పా, కువైట్‌లో ఎట్లుండావు? ఇన్నాళ్లూ రాయలేదని కోపం చేసుకోవాకు.

గండికోట నీళ్లకు మన ఊరు మునగకముందే మీ ఇంటి వాకిలి ద్వారబంధంతో సహా ఊడదీసి, ప్రొద్దుటూరులో నా కట్టెల డిపోలో పెట్టినా. దొడ్లో ఊదాపూలు పూసే వరగోగు చెట్టు కొట్టించి మీ అబ్బ చేయించిన వాకిలి కదా, ఇంతవరకు చెద తాకలేదు. పడవలకు వాడే కట్టె అది, నీళ్లకు గూడా చెడదు. కానీ ముంపోళ్ల కాలనీలో మీకు కట్టిన కొత్తింటికి పట్టడంల్యా. గోడ పగలగొడితే స్లాబు నిలవదని మేస్త్రి అంటాండు. వాకిలినే జానెడు కోస్తే సరిపోతాది. ఆ మాటే మీ పెద్దక్క మెహతాబ్‌తో అన్యా.

"కోసేదైతే పలకలుగా కోయి నారాయణప్పా, నన్ను పూడ్చేటప్పుడు నా ఖబర్ మీద పరుద్దురు" అనింది.

ఎగతాళికేమో అనుకున్యా. మొగం చూస్తే కాదు. ఆ కొత్తింట్లోకి పోవడమే తక్కువ, పగలంతా బయటే కూర్చుంటాది. బీపీ మాత్రలు నేనే తెచ్చిస్తాండా, మింగుతాందో లేదో తెలీదు.

వచ్చేటప్పుడు మా ఇంటామె మాధవికి తలనొప్పి తైలం తీసుకురా, ఈడ దొరికేది పనిచేయడంల్యా.

ఆ వాకిలి మీద రంపం పెట్టడానికి నాకు చెయ్యి రాదు. అక్క నీ మాటే వింటాది. ఎప్పుడొస్తాండావప్పా?