అమ్మ కాదు, అత్తయ్యగారు

జమీరా,

నేను స్కూలుకి వెళ్తున్నాను. మధ్యాహ్నం మొక్‌పో నుంచి పెదనాన్నగారు వస్తారు. ముల్లంగి చారు వేడి చేసి పెట్టు. ఏది ఇచ్చినా రెండు చేతులతో ఇవ్వు, మా కొరియాలో అదే మర్యాద. సాక్సు లేకుండా ఆయన ముందు తిరగకు. కూరల చెత్త పసుపు సంచిలోనే వెయ్యి. మొన్న నువ్వు కలిపేసినందుకు పక్కింటావిడ చేత నేను మాట పడ్డాను.

అసలు సంగతి ఇది. చూసోక్ పండక్కి అందరి ముందూ మా అమ్మతో, "అమ్మా, ఇంకో ముద్ద తిను" అన్నావు. పెదనాన్నగారు చెంచా కింద పెట్టేశారు. "ఈ ఉజ్బెక్ పిల్లకి పెద్దంతరం చిన్నంతరం లేదా?" అన్నారు. అడిగితే, నన్ను చూసే నేర్చుకున్నానన్నావు. నేను కన్నకూతుర్ని. 'తిను' అంటాను, 'పో' అంటాను, నాకు చెల్లుతుంది. నువ్వు కోడలివి. "అత్తయ్యగారూ, తినండి" అనాలి. మా తమ్ముణ్ణి చేసుకుంటే నీకు మొగుడు దొరికాడు, అమ్మ దొరకలేదు. ఈ ఇంట్లో కాలేజీ మెట్లెక్కినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి చెప్పడం నా బాధ్యత.

ఇవాళ ఆయన ముందు నోరు తెరవకు. నీ గొంతు పోయిందని ఫోన్లో చెప్పేశాను.

"పోనీలేవే, ఆ పిల్ల నోట అలాగే బాగుంది" అంటోంది అమ్మ. ఆవిడకి బాగుంటే సరిపోదు.

యున్‌సుక్

పొద్దున గదిలోంచి నా అలికిడి విని అమ్మ, "జమీరా, నువ్వేనా?" అంది. నువ్వు చీకటితోనే స్ట్రాబెర్రీ కోతకి వెళ్లావని తెలిసీ, ఇంకా లేవలేదని చెప్పాను. అడిగితే నువ్వూ అదే చెప్పు.